దేవుడి అట్ట వేసిన జపాన్ నవల

ఫిబ్రవరి 3, మంగళవారం
జపాన్ నవల అయిపోయింది. తెలుగులోనే ఉంది, పేర్లకే నోరు తిరగదు. పెర్కిట్‌లో బట్టలు కుట్టే షహనాజ్ ఇచ్చింది — "జర గుండె గట్టిగ జేస్కొని చదువు అక్కా." చదివినవాళ్ళంతా అట్ట లోపల పేర్లు రాశారు. నాది ఏడోది.
కొత్త కోడలిని అందరూ ముద్దుగా చూసుకునే ఇల్లు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఒక పొద్దున గుమ్మం దగ్గర ఆమె చెప్పులు ఉండవు. దాచింది అత్తగారే. బయట నీకేం పని తల్లీ, అంటుంది నవ్వుతూ... ఆ తర్వాతది ఇక్కడ రాయను. దీపం పెడుతుంటే కూడా ఆ నవ్వే కళ్ళ ముందు. స్వామీ, క్షమించు.

ఫిబ్రవరి 5, గురువారం
పక్కింటి రాజవ్వ కోడలు స్వప్న గోడ మీదుగా అడిగింది — "చిన్నత్తా, గా పుస్తకం నాకియ్యరాదు?" రాజవ్వకు నవలలు గిట్టవు. పాత క్యాలెండర్‌లోని వేంకటేశ్వరస్వామి కాగితం చింపి అట్ట వేసి ఇచ్చాను.
తప్పేనేమో.

ఫిబ్రవరి 9, సోమవారం
వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తూ రాజవ్వ మురిసిపోయింది — "మా స్వప్నకు భక్తి ఎక్కువైంది సుశీలా! గా పుస్తకం చదువుకుంట కండ్లు తుడుసుకుంటది. చదువుడు గాంగనే నేనే బొట్టువెట్టి దేవునర్రల వెడుతున్న."
తల ఊపాను. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం
పుస్తకం తిరిగొచ్చింది. అట్ట నిండా పసుపు, కుంకుమ. లోపల స్వప్న పేరు లేదు. చెప్పులు దాచిన పేజీ పక్కన మాత్రం పెన్సిల్‌తో, సన్నగా — "నావి సజ్జ మీద ఉన్నయ్."
చేయి అందని ఆ అటక మీద! ఎన్నిసార్లు చదివానో.
దసరా తర్వాత కదా, షహనాజ్ దగ్గర కుట్టు నేర్చుకుంటానని ఆ పిల్ల అన్నది. అప్పటి నుంచి గేటు బయట ఒక్కసారైనా చూశానా? మొగుడు దుబాయ్‌లో. భజనకు కోడలు రాలేదేమని అడిగితే "ఇంట్ల పని" అంటుంది రాజవ్వ. నమ్మాను. ప్రతి శనివారం నమ్మాను.

ఫిబ్రవరి 12, గురువారం
షహనాజ్ ఫోన్ — "మోర్తాడ్‌ల ఒకామె అడుగుతున్నది అక్కా, పుస్తకం పంపుతవా?" రెండు రోజులు ఆగమన్నాను.
ఆ పెన్సిల్ రాత రబ్బరుతో చెరిపేద్దామని కూర్చున్నాను. చేయి రాలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం
మధ్యాహ్నం రాజవ్వే వచ్చింది. "గా పారాయణం నాక్గూడ చదివి వినిపియ్యి. నాకు అచ్చరం ముక్క రాదాయె."
"అక్కా, అట్ట మీదనే దేవుడు. లోపల ఒక అత్తాకోడండ్ల కథ."
"ఓసి నీ! గిన్ని రోజులు అత్తాకోడండ్లకు బొట్టువెట్టిన్నా?" పడి పడి నవ్వింది. "సరే తియ్యి, చదువు."
చదివాను. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వడం లేదు. పసుపు పట్టిన వేళ్ళు ఒళ్ళో ముడుచుకుంది.
"గా అత్త చెడ్డది గాదు సుశీలా. కొడుకు దూరమున్నడు గావచ్చు. రేపు నలుగురు ఏమన్న అంటే? గదే భయం."
"చెడ్డది కాదక్కా" అన్నాను. నిజంగానే అన్నాను. "కోడలికి మాత్రం చెప్పులు లేవు."
వంగి పేజీ చూసింది. "గీ సన్న రాత ఏంది?"
"చదివినామె రాసింది."
"ఏమని?"
బొటనవేలు దాని మీదే పెట్టుకున్నాను. చెబితే ఆ పిల్లకు ఏమవుతుందో. చెప్పకపోతే...
"రాసినామెనే అడగాలె అక్కా."
నా మొహంలోకి చూసింది. లేచి వెళ్ళిపోయింది. చెప్పులు మా గుమ్మం ముందే మరిచింది.

ఫిబ్రవరి 14, శనివారం
పొద్దున గోడ అవతల మాటలు వినబడలేదు. రాజవ్వ చెప్పులు ఇంకా ఇక్కడే. తీసుకెళ్ళి ఇద్దామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.
ఇప్పుడే స్టూలు ఈడ్చిన చప్పుడు. సజ్జ ఉన్న అర్రలోనే. రాజవ్వ ఆ పిల్ల చెప్పులు దింపుతోందా... ఇంకా లోపలికి నెడుతోందా?
భజనకు గంట టైముంది. ఆ గేటు వైపే చూస్తున్నాను.