సంతకానికి ముందు జీడిపిక్కల మాట

తమ్ముడూ యుగంధర్,

సోమవారం నువ్వు ఆ మిఠాయి కంపెనీ ఫ్రాంచైజీ కాగితాల మీద సంతకం పెట్టేలోపే అందాలని ఈ ఉత్తరం విశాఖ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఫోన్లో చెబితే మధ్యలోనే నవ్వేస్తావు.

నిన్న టెక్కలిలో అదే కంపెనీ పేరుతో కొట్టు నడుపుతున్న విజయకుమారిగారిని కలిశాను. పలాసలో నువ్వు పెట్టబోయే కొట్టులో మన తోట జీడిపప్పుతోనే బర్ఫీ చేస్తే ఖర్చు మిగులుతుందన్న నీ లెక్క చెప్పాను.

"ఏటమ్మా, మీ తమ్ముడు కాగితం సదివేడా? పప్పు, నెయ్యి, ఆకరికి అట్టపెట్టె కూడా ఆల్లకాడే కొనాల. మన పప్పు ఏస్తే కొట్టు మూయించేత్తారు" అన్నారు.

"అమ్మకాలు లేని నెలలో?" అన్నాను.

"పేరు వాడుకున్నందుకు నెలనెలా కట్టాల్సిందే. కొట్టు మనదనుకుంటాం గానీ, బోర్డు ఆల్లదే."

అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. కొట్టు కోసమని నువ్వు అమ్మకుండా ఆపించిన జీడిపిక్కల బస్తాలు వరండాలోనే ఉన్నాయి. మబ్బు పట్టినప్పుడల్లా చెయ్యి పెట్టి తేమ చూస్తున్నాను. మీ బావకు ఇంకా చెప్పలేదు.

కొట్టు వద్దనను. కాగితం మొత్తం చదివి, పప్పు సంగతి వాళ్లనే అడిగి, అప్పుడు సంతకం పెట్టు. ఈలోపు నాకు ఒక్కటి చెప్పు. పిక్కలు అమ్మేయనా?

అక్క