మూకండపల్లిలో బాడుగిల్లు

అమ్మకు, ఈడ నేను బాగుండాను, ఏడవొద్దు.

ఉన్న గది ఖాళీ చేయమన్నారు. నిన్న సగం రోజు లీవు పెట్టి మూకండపల్లంతా బాడుగిల్లు వెతికినాను. ఒక వీధి తమిళం, ఒక వీధి కన్నడం, వెనక మలయాళం, హిందీ. అన్ని భాషల్లోనూ ఒకటే మాట, పెండ్లి కానోడికి ఇల్లు లేదంట! పెండ్లి కాకుంటే చెట్టెక్కి పండుకోవాల్నా?

కడాన ఒక తెలుగు ముసలామె, "పెండ్లాం యాడప్పా?" అనింది. కోపంలో "ఊర్లో ఉంది, వచ్చే నెల వస్తుంది" అనేసినాను. వెంటనే బీగంచెవి చేతికిచ్చి, ఉయ్యాల కట్టే కొక్కెం కూడా చూపించింది.

ఎర్రావు ఈనిందా? రాగులు పంపొద్దు, ఈడ దొరకతాయి. నేను వద్దని అరిచిన సామల్పట్టి సంబంధం, ఆ పిల్లకు ఇంకా కుదరలేదేమో నాయన్ను తొందరగా కనుక్కోమను. ముసలామె పొద్దున్నే మళ్ళీ అడిగింది.

అందరికీ దండాలు.
మునిరాజు