అరుగుదల

జూన్ 17, మంగళవారం

మొన్ననే కొత్త పిస్టన్ వేయించాం. అయినా మాకు తిండి పెట్టే ట్రాక్టర్ పొద్దున చేలోనే ఆగిపోయింది.

మెకానిక్ ఇంజన్ విప్పితే పిస్టన్ ఒంటినిండా గీతలే. "అరుగుదల చానా ఉంది నాన్నా," అన్నాను. రాపిడికి లోహం అరిగిపోవడానికి కాలేజీలో ఈ మధ్యే నేర్చుకున్న మాట, పలకడమే నాకు సంబరం.

"నా కడుపులో అరుగుదల బాగానే ఉందిలేవే. ఇక తినడానికే ఏముండదు," అని నాన్న నవ్వాడు.

చౌకగా పోత పోసిన అల్యూమినియంలో సిలికాన్ తక్కువైతే, వేడిచేసి గట్టిపరచకపోతే పిస్టన్ ఇట్లాగే అరుగుతుందని చెప్పాను.

"ఇప్పుడు తెలిసి ఏంది లాభం తల్లీ? పిస్టన్ చుట్టూ ఉండే లైనర్ కూడా పోయింది."

రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. అరుగుదల అన్న మాట మీద నాకు ఇష్టం పోయింది.

పెదనాన్న చేను దుక్కికి వస్తానని ఒప్పుకున్న నోటితో రానని నాన్న అనలేడు. రేపు పొద్దున్నే రొంపిచెర్ల వెళ్లి, వేరే ట్రాక్టర్ చూసుకోమని పెదనాన్నకు నేనే చెప్పాలి.