మావయ్యకు చదివి వినిపిస్తున్న పుస్తకం

సోంపేట,
జూలై 2006

మగ్దలీనక్కకు వందనాలు.

చర్చిలో మన ఆడవాళ్ల మధ్య తిరిగే పుస్తకాలు నువ్వే చూసుకుంటావు కనుక నీకు రాస్తున్నాను. మొండి మనుషులతో ఎలా వేగాలో చెప్పే ఆ పుస్తకం ఈ ఆదివారం నా తర్వాత వంతు ఉన్న దీవెనకు ఇవ్వలేను.

కిడ్నీలు పాడయ్యాక మావయ్య సంగతి నీకు తెలుసు. ఉప్పు లేని కూర పెడితే కంచం తోసేస్తారు, నీళ్లు కొలిచి ఇస్తే తిడతారు. అందుకే ఆ పుస్తకం తెచ్చుకున్నాను. మొన్న చదువుకుంటుంటే, "ఏటమ్మా సదూతన్నావు? నాకూ ఇనిపించు" అన్నారు. ఆయనకు చూపు ఆనదు. కాదనలేక చదివాను.

కాసేపు విని, "అయితే ఇది నా గురించేనేటి?" అన్నారు. నేను పుస్తకం మూసేశాను.

అప్పటినుంచి పెట్టింది తింటున్నారు. ఒక్క మాటా లేదు. నాకు తెరిపిగా ఉండాలి కదక్కా, లేదు.

నిన్న అడిగారు. "అమ్మా, అలాటోలు బాగుపడినట్టు అందులో ఎక్కడైనా రాసున్నాదేటి? ఉంటే అది సదువు."

పుస్తకమంతా వెతికాను. ఎక్కడా లేదు. ఉందని చెప్పి, పుస్తకం తెరిచి పట్టుకుని, తోచింది చదివాను. కళ్లు మూసుకుని విన్నారు. "మిగిలింది రేపు సదువమ్మా" అన్నారు.

నీ చెల్లెలు