విప్పేసిన మూలలు

మంగళవారం

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి, మన్నించాలి.

పొద్దున కరెంటు ప్లాంటు నుంచి ఇంట్లోకి వచ్చి పడే బూడిద తుడుస్తూ, మా ఆయన చదివే ఫోర్‌జీ నెట్‌వర్కుల పుస్తకంలో మడిచి ఉన్న పేజీ మూలలన్నీ విప్పి చేత్తో సాఫు చేశాను. మూల మడిస్తే సరస్వతికి నొప్పని అమ్మ చెప్పేది. అవి రేపటి కంపెనీ పరీక్షకు ఆయన పెట్టుకున్న గుర్తులని సాయంత్రం తెలిసింది.

“శారదా, నా బుక్కు ముట్టినవా?” అని ఆయన తన చెల్లెలిని గదిమారు.

“నాకేం పనన్నా! గా టవర్ల బుక్కు చూస్తెనే నిద్రొస్తది,” అంటూనే శారద ఏడ్చేసింది.

నేను తలవంచుకుని రొట్టెలు తట్టాను.

ఇప్పుడు ఆయన మొదటి పేజీ నుంచి వెతుక్కుంటున్నారు. మడత గీతలు ఇంకా లీలగా ఉన్నాయి, నేను చూపించగలను. లేచి చెప్పడానికే నోరు రావడం లేదు.

ఈ కాగితం ఆయనకు దొరికితే, చదివి ఆయనే పొయ్యిలో వేయాలి. అంతకుముందు శారదను పిలిచి, నీ తప్పేం లేదని ఒక్క మాట అనాలి.