ఇంటి కాగితాలు చేతికొచ్చిన రోజు

శుక్రవారం రాత్రి, జగ్గయ్యపేట

ఇంటి లోను గడువుకు ముందే తీరిపోయింది. నందిగామ బ్యాంకులో దస్తావేజులు తీసుకుని బయటికి రాగానే ఈయన మెట్ల మీదే కూర్చుండిపోయారు. "కాస్త ఆగవే, ఇంకోసారి చూసుకోనీ" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇద్దరి జీతాల్లో కిస్తీ పోగా మిగిలిన దాంతోనే ఇన్నేళ్ళూ ఇంటి సరుకులు, పాప ఫీజులు సర్దుకొచ్చాం. ఏ కాస్త మిగిలినా లోనుకే కట్టాం.

ఇంటికొచ్చి కాగితాలు అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, వాటిని కుడి కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని చూశారు.

"అలా చూస్తారేంటి అత్తయ్యా?"

"ఎడం కన్ను ఆనట్లేదమ్మా. శుక్లమంట. ఏడాదైంది. అప్పు తీరాక చెబుదామనుకున్నా."

ఈయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ ఇంట్లో ఇంకా ఎవరు ఏం దాచుకున్నారో... రేపు పాపను కూడా అడగాలి.

సోమవారం బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. "ఖర్చెంతవుద్దో" అన్నారు అత్తయ్య.

"ఎంతయినా ఫర్వాలేదండి" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం, ఈ ఇంట్లోకి వచ్చాక ఇదే మొదటిసారి.