పైనుంచి పచ్చగా ఉన్న తోట

మంగళవారం. తుపాను పోయాక కూడా ముసురు.

ఊరి వ్యవసాయ సహాయకుడినని పంట నష్టాల జాబితా నా చేతికి వచ్చింది. అందులో సోములమ్మ పేరు లేదు. ఉపగ్రహం తీసిన ఫొటోలో ఆమె కాఫీ తోట పచ్చగానే ఉందట. ఆ పచ్చదనం నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్లది. కాఫీ మొక్కలు వాటి కింద ఉంటాయి. కాయంతా రాలి బురదలో కుళ్లుతోంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఫొటోలో ఉన్నదే లెక్క అన్నారు.

సాయంత్రం వెళ్లి ఆమెకు చెప్పాను.

"ఏటి బాబూ, ఆ పైనున్నోడు సెట్టు కిందకి దిగడా?" అని నవ్వింది. తర్వాత, "నువ్వు సూసినావు కదా, నువ్వే రాయి" అంది.

తోటను స్వయంగా చూశాననీ, నష్టం లేదనీ రేపు నేనే సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఊరందరి జాబితా ఆగిపోతుంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. పెడతాను.